గాలి మీద నిలబడ్డ బండి

నారాయణఖేడ్ వైపు బండి కొనడమంటే మొన్నమొన్నటిదాకా ఇనుము కొనడమే. జీపైనా, అంబాసిడరైనా కిందికి వంగి చూస్తే ఏది దేని మీద నిలబడిందో కంటికి కనిపించేది. ఒకదాని కింద ఒకటి పేర్చిన కమాన్ కట్టలు, వాటిని బిగించిన బోల్టులు. కట్టలో ఒక పట్టీ విరిగితే బండి ఆ పక్కకు ఒరిగేది. కంగ్టి రోడ్డు మీద, సిర్గాపూర్ రోడ్డు మీద అట్లా ఒరిగిన జీపులు టాపు మీద కూడా జనాన్ని ఎక్కించుకొని ఏళ్ల తరబడి నడిచాయి. లోపం దాగేది కాదు. దాగినా, బయటపడ్డ రోజున ఒక పంట డబ్బును మింగేది కాదు.

ఇప్పుడు మా వైపు వస్తున్న పాత బండ్లు వేరు. 161వ నంబరు జాతీయ రహదారి సంగారెడ్డి నుంచి జోగిపేట మీదుగా మా దిక్కు వచ్చి, పిట్లం, మద్నూర్ దాటి దెగ్లూర్ వైపు మహారాష్ట్రలోకి పోతుంది. అది నాలుగు వరుసలైంది. దారి వెంట భూములకు ధర వచ్చింది, రోడ్డులో పోయిన భూములకు పరిహారం వచ్చింది. ఆ డబ్బు వెనకాలే హైదరాబాదు బండ్లు వచ్చాయి. కొత్తప్పుడు డెబ్బై ఎనభై లక్షలు పలికిన జర్మన్, ఇంగ్లీషు ఎస్‌యూవీలు ఎనిమిది పదేళ్లు తిరిగాక ఒక కొత్త మామూలు బండి ధరకే దొరుకుతున్నాయి. బీదరు నుంచి వచ్చే కేఏ 38, నాందేడ్ నుంచి వచ్చే ఎంహెచ్ 26, మా సంగారెడ్డి టీఎస్ 15 నంబర్ల మధ్య ఇప్పుడు అట్లాంటి బండ్లు అప్పుడప్పుడు కనిపిస్తాయి. దూరం నుంచి చూస్తే అన్నీ కొత్తవే.

మా తమ్ముడికి కూడా అట్లాంటి బండే కావాల్సి వచ్చింది. అమ్మ పేరు మీదున్న ఎకరంన్నర రోడ్డుకు పోయింది. వచ్చిన డబ్బులో కొంత ఇంటికి పెట్టగా మిగిలింది బండికని వాడి లెక్క. చిన్న కాంట్రాక్టు పనులు చేస్తాడు. "నలుగుర్ల దిగాలంటే బండి సూసే మాట్లాడతరు అక్కా" అన్నాడు. అది సగం కారణం. మిగతా సగం అమ్మ. ఆమెకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది, ఎత్తు బండి ఎక్కలేదు. తమ్ముడు ఫోనులో ఒక వీడియో పెట్టి చూపించాడు. మీట నొక్కితే అంత పెద్ద బండీ ఒంటె కూర్చున్నట్టు కిందికి దిగింది. "గిది చూడు, అమ్మ పట్టుకోకుంట ఎక్కుతది" అన్నాడు. అమ్మ కూడా రెండుసార్లు చూసింది ఆ వీడియో. వాడి కోరికలో డాబు ఎంత, ప్రేమ ఎంత అని విడదీసి చూడాలని నాకు అనిపించలేదు. కానీ ఆ కూర్చునే గుణమే పాత బండిలో అన్నిటికంటే ముందు చెడేదని మాత్రం తెలుసు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. తోడు రమ్మన్నది అందుకే. మూడో మనిషి మా చాచా. చిన్నప్పుడు మా ట్రాక్టరు బాగు చేసిన ఉస్తాదు. తర్వాత హైదరాబాదుకు పోయి, ఒక ట్రావెల్స్‌లో వోల్వో బస్సుల కింద పడుకొని పదేళ్లకు పైగా పనిచేసి వచ్చాడు. వోల్వో వాళ్ల బీ7ఆర్ బస్సు మన దేశంలోకి 2001లో వచ్చింది. ఆర్టీసీ వాటికి గరుడ అని పేరు పెట్టి తిప్పింది. మన వైపు మామూలు జనం గాలి మీద కూర్చుని ప్రయాణం చేయడం అప్పటి నుంచే అనుకోవచ్చు. గుంతలో పడ్డా గ్లాసులో నీళ్లు తొణకవని చెప్పుకునేవారు. ఆ సుఖం కుర్చీలో లేదు, చక్రం దగ్గరున్న రబ్బరు బెలోల్లో ఉంది. చాచా వాటిని బుగ్గలంటాడు. ఆ మాటే బాగుంది.

సంగతి ఇంత. ఇనుప స్ప్రింగు ఉండాల్సిన చోట దారాల అల్లికతో బలం చేసిన రబ్బరు బుగ్గ ఉంటుంది. దాంట్లో ఒత్తిడితో గాలి ఉంటుంది. పెద్ద ఎస్‌యూవీ రెండున్నర టన్నుల దాకా తూగుతుంది కాబట్టి ఒక్కో మూల ఆరువందల కిలోల బరువు అనుకుందాం. ఆ బరువు మోసే బుగ్గ వైశాల్యం సుమారు నూరు చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, చదరపు సెంటీమీటరుకు ఆరు కిలోలు. కారు టైరులో ఉండే గాలికి ఇది రెండింతలు దాటి మూడింతల దగ్గర. అంత ఒత్తిడిలో ఉన్న గాలిని పగలూ రాత్రీ, బండి నడిచినా ఆగినా, కొన్ని మిల్లీమీటర్ల రబ్బరు పట్టి ఉంచాలి.

ఆ గాలిని నింపేది ఒక చిన్న కరెంటు కంప్రెసర్. బయటి గాలిలో తేమ ఉంటుంది కనుక దాన్ని పీల్చే గుళికల డబ్బా ఒకటి దానికే తగిలించి ఉంటుంది. అక్కడి నుంచి గాలి ఒక వాల్వు బ్లాకులోకి పోతుంది. ఏ మూలకు ఎంత పంపాలో, ఎక్కడి నుంచి ఎంత వదలాలో అది తెరుస్తూ మూస్తూ ఉంటుంది. చాలా బండ్లలో గాలి నిలవ ఉంచే ఒక ట్యాంకు కూడా ఉంటుంది. ప్రతి మూలా ఎత్తు కొలిచే సెన్సరు, ఆ లెక్కలన్నీ చూసుకునే కంప్యూటరు ఉంటాయి. ఐదుగురు ఎక్కితే బండి కుంగదు, సామాను వేస్తే వెనక భాగం వాలదు. అన్నీ సరిగా ఉన్నన్నాళ్లు ఇది చాలా అందమైన ఏర్పాటు.

చెడేటప్పుడు మాత్రం ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ముందు రబ్బరు. బండి ఎత్తు మారినప్పుడల్లా బుగ్గ ఒకే చోట మడత పడుతుంది. ఎండ, దుమ్ము, గాలిలోని ఓజోను కలిసి ఆ మడతను ఎండబెడతాయి, వెంట్రుకంత పగుళ్లు వస్తాయి. గాలి కొద్దికొద్దిగా పోతుంది. పోయిన గాలిని నింపడానికి కంప్రెసర్ మాటిమాటికీ తిరుగుతుంది. అది ఆగకుండా తిరగడానికి చేసింది కాదు. వేడెక్కి, పిస్టన్ రింగు అరిగి, ఒకరోజు ఆగిపోతుంది. మధ్యలో తేమ గుళికలు నీళ్లు తాగి పని మానేస్తే, ఆ తేమ వాల్వుల్లోకి పోయి వాటిని పాడు చేస్తుంది. రిలే అతుక్కుపోతే కంప్రెసర్ ఆగమన్నా ఆగదు. అందుకే కంప్రెసర్ ఒక్కటే మార్చి "కొత్తది వేయించినం సార్" అని అమ్మే బండిని చూసి సంతోషపడకూడదు. పాతది ఎందుకు చచ్చిందో అడగాలి. చిల్లి అట్లాగే ఉంటే కొత్తదీ అదే దారిన పోతుంది.

ఇది కొత్త రోగమూ కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1953లోనే దూరప్రయాణాల బస్సులకు గాలి బుగ్గలు పెట్టింది, అవి బాగా నడిచాయి. ఆ ధైర్యంతోనే 1957లో కాడిలాక్ వాళ్లు ఎల్డొరాడో బ్రూమ్ అనే అత్యంత ఖరీదైన కారుకు పెట్టారు. గాలి కారడంతో విసిగి చాలామంది యజమానులు బుగ్గలు పీకేసి మామూలు స్ప్రింగులు వేయించుకున్నారు. మెర్సిడెస్ 1961లో పెట్టింది, రేంజ్ రోవర్ 1992లో పెట్టింది. 1998లో మెర్సిడెస్ తన ఎస్ క్లాసుకు ఎయిర్‌మాటిక్ పేరుతో తెచ్చాక పెద్ద బండికి ఇది ఒక హోదా గుర్తు అయిపోయింది. బస్సులో బతికిన ఏర్పాటు కారులో ఎందుకు ఇంత ఇబ్బంది పెట్టిందని చాచాను అడిగాను. "బస్సుకు ఇంజనే పెద్ద కంప్రెసర్ తిప్పుతది బిడ్డా, బ్రేకులకు ఎట్లా గాలి గావాలె. జర కారినా దానికి పర్వా లేదు. ఇంకోటి, బస్సు కిందికి రోజు ఎవడో ఒకడు దూరి చూస్తడు. కారు కిందికి ఎవడు చూస్తడు?" అన్నాడు. నేను పాఠం చెప్పినా ఇంతకంటే బాగా చెప్పేదాన్ని కాదు.

మొదటి బండిని హైదరాబాదులో ఒక పాత కార్ల షోరూములో చూశాం. నల్లది, ఏడు సీట్లు, తొమ్మిదేళ్లది. మేం పోయేసరికే ఇంజన్ నడుస్తోంది, లోపల ఏసీ చల్లగా ఉంది. అమ్మే అబ్బాయి మర్యాదస్తుడు. మీట నొక్కి బండిని దించాడు, లేపాడు. తమ్ముడి మొహం వెలిగిపోయింది. చాచా బండి వైపు చూడలేదు, ముందు బానెట్ మీద చెయ్యి పెట్టాడు. కాలుతోంది. "ఎంతసేపటి సంది నడుస్తున్నది బాబూ?" అని అడిగాడు. "మీరొస్తరని ఇప్పుడే స్టార్ట్ చేసినం అంకుల్" అన్నాడు అబ్బాయి.

గాలి బండి చూడబోయేవాళ్లు మొదట గుర్తుంచుకోవాల్సింది ఇదే. నడుస్తున్న బండిలో కంప్రెసర్ పోయిన గాలిని నింపుతూనే ఉంటుంది. చిల్లి ఉన్న బండి కూడా పగలు, జనం ముందు, ఇంజన్ మీద నిటారుగానే నిలబడుతుంది. దాని సంగతి తెలియాలంటే దాన్ని ఆపి, వదిలేసి, ఒక రాత్రి గడవనివ్వాలి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. కావాల్సింది ఒక టేపు, ఒక కాగితం, ఓపిక. అమ్మేవాళ్లు ఎక్కువగా ఒప్పుకోనిదీ ఇదే.

కొలిచే పద్ధతి చెబుతాను. చదునైన నేల మీద బండిని మామూలు ఎత్తులో ఆపాలి. చక్రం మధ్య బిందువు నుంచి పైన మడ్‌గార్డు అంచుదాకా నాలుగు మూలలా కొలిచి రాసుకోవాలి. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తేడా లెక్క చెడగొడుతుంది, అందుకే చక్రం మధ్య నుంచి. గంట తర్వాత ఒకసారి, పొద్దున తలుపు తీయకముందు ఒకసారి మళ్లీ కొలవాలి. తలుపు తీస్తే, తాళం నొక్కితే కొన్ని బండ్లు నిద్రలేచి ఎత్తు సర్దుకోవడం మొదలుపెడతాయి.

నాలుగు మూలలూ సమానంగా ఒక సెంటీమీటరు లోపు దిగితే కంగారు పడక్కర్లేదు. మధ్యాహ్నం నలభై డిగ్రీల వేడిలో ఉన్న గాలి తెల్లవారుజామున ఇరవై రెండుకు చల్లబడితే దాని పరిమాణం ఆరు శాతం దాకా తగ్గుతుంది. అది చిల్లి కాదు, ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం పాఠం. ఒక్క మూలే దిగితే ఆ మూల బుగ్గ, లేదా దానికి పోయే పైపు జాయింటు. ముందు రెండూ కలిసి, లేదా వెనక రెండూ కలిసి దిగితే వాల్వు బ్లాకు మీద అనుమానం పెట్టుకోవాలి. ఏ మూలా దిగకుండా, లేపమంటే మాత్రం లేవకపోతే కంప్రెసరో, రిలేనో, ఫ్యూజో. ఒక మూల ఎత్తు కంప్యూటరుకు తప్పుగా అందుతుంటే సెన్సరుకు ఉన్న సన్నటి కడ్డీ విరిగి ఉండొచ్చు. అది అన్నిటికంటే చవక రోగం.

ఇంకో తిరకాసు ఉంది. కొన్ని బండ్లు రాత్రిపూట తమంతట తామే లేచి, దిగిన మూలకు సమానంగా మిగతా మూలలను కూడా దించుకుంటాయి. పొద్దున చూస్తే బండి కిందికి ఉంటుంది గానీ ఒరిగి ఉండదు. "పార్కింగ్ మోడ్ సార్" అని చెబితే నమ్మేస్తాం. అందుకే గంట తర్వాతి కొలత ముఖ్యం. తెలిసినవాళ్లు ఉంటే రాత్రికి సస్పెన్షన్ ఫ్యూజు తీసి ఉంచితే ఏ మూల దొంగో ఆ మూలే దొరుకుతుంది.

ఆ షోరూములో రాత్రి ఉంచడానికి ఒప్పుకున్నారు గానీ బయటికి ఇవ్వమన్నారు. సరే, మీ దగ్గరే ఉంచండి, తాళం మీ దగ్గరే ఉంచుకోండి, పొద్దున మేం వచ్చేదాకా ముట్టుకోవద్దని చెప్పి, నాలుగు కొలతలు రాసుకొని, పటాన్‌చెరులో మా పెద్దమ్మ ఇంట్లో పడుకున్నాం. గంట తర్వాతి కొలతకు చాచా అక్కడే చాయ్ తాగుతూ ఆగాడు. అప్పటికే ముందు ఎడమ మూల వేలు మందం దిగింది. పొద్దున ఆరున్నరకు పోతే నాలుగు వేళ్లు దిగి, టైరు మడ్‌గార్డులోకి దూరినట్టు ఉంది. కాపలా మనిషి తప్ప ఎవరూ రాలేదింకా. తొమ్మిదింటికి వచ్చిన అబ్బాయి చూసి, "పెద్ద బండ్లన్నీ పొద్దున గట్లనే కూసుంటయ్ మేడమ్, స్టార్ట్ చేస్తే లేస్తది" అన్నాడు. లేచింది కూడా. అది అబద్ధమని నేను అనలేను. బహుశా అతనికి ఎవరో అట్లాగే చెప్పి ఉంటారు. పదిహేనువేల జీతం మీద నిలబడ్డ పిల్లవాడితో గొడవ ఏం పడతాం.

తమ్ముడు ఒప్పుకోలేదు. "ఒక్క మూలనే కద అక్కా, చేయించుకుంటం. రేటు తగ్గిస్తరట" అన్నాడు. అది మరీ తప్పు మాట కూడా కాదు. లోపం ఉన్న బండి కొనకూడదని శాసనం లేదు. లోపం ఎంతో తెలిసి, ఆ ఖరీదు ధరలోంచి తీసేసి కొనొచ్చు. చిక్కల్లా ఆ ఎంత అనే దగ్గరే. చాచా బండిని పూర్తి ఎత్తుకు లేపించి, టార్చి వేసి మడతల్లో చూశాడు. ఎత్తులో ఉన్నప్పుడే రబ్బరు సాగి పగుళ్లు నోరు తెరుస్తాయి. స్ప్రే సీసాలో సబ్బునీళ్లు కొట్టాడు. ఎడమ వైపు పై మడత దగ్గర బుడగలు లేచాయి. కుడి వైపు బుడగల్లేవు గానీ పగుళ్లు అవే. "జోడు పుట్టిన పిల్లలు, ఒకడికి జ్వరమొస్తే రెండోనికి రేపొస్తది" అన్నాడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గాలి మీద నిలబడ్డ బండి కింద ఎన్నడూ దూరకూడదు. టార్చి, తల, చెయ్యి ఏదీ చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య పెట్టకూడదు. బుగ్గ పగిలినా, వాల్వు తెరుచుకున్నా, ఎవరైనా లోపల మీట నొక్కినా రెండున్నర టన్నులు ఒక్కసారి దిగుతాయి. చాచా ముందు జాకీ మోడ్ పెట్టించి, స్టాండ్ల మీద ఎక్కించాకే వంగాడు.

తర్వాత ఎత్తులన్నీ తిప్పించాడు: కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. నేను గడియారం పెట్టుకున్నాను. ముందు కుడి పక్క లేచి, తర్వాత ఎడమ పక్క తడబడుతూ లేచింది. కంప్రెసర్ చప్పుడు మొదట గుర్రుమంటూ ఉండి, మూడోసారికి రాయి నూరినట్టు మారింది. ఈ చప్పుడు వినాలంటే పాటలు, ఏసీ, ఇంజన్ అన్నీ ఆపించాలి. అమ్మేవాళ్లు సరిగ్గా అప్పుడే స్టీరియో ఎంత బాగుందో చూపించాలనుకుంటారు.

స్కానరు సంగతి కూడా. వెయ్యి రూపాయలకు దొరికే చిన్న బ్లూటూత్ పరికరం ఎక్కువగా ఇంజన్ కోడ్లే చదువుతుంది. సస్పెన్షన్ కంప్యూటరుతో మాట్లాడలేదు. ఆ కంపెనీ బండ్లను లోతుగా చదివే స్కానరు ఉన్న మెకానిక్ కావాలి. అమ్మే ముందు కోడ్లు చెరిపేయడం రెండు నిమిషాల పని. కానీ చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఇంజన్ కంప్యూటరు గుర్తుపెట్టుకుంటుంది, దాన్ని చిన్న పరికరం కూడా చూపించగలదు. తొమ్మిదేళ్ల బండి కోడ్లు నిన్ననే చెరిపి ఉంటే, నిన్న ఎందుకు చెరిపారని అడగాలి. అట్లాగే మీట నొక్కినా ఎత్తు మారకపోయి, డాష్‌బోర్డు మీద మాత్రం ఏ హెచ్చరికా లేకపోతే, గాలి బుగ్గలు పీకి ఇనుప స్ప్రింగులు వేసి, దీపం వెలగకుండా ఏదో చేశారని అర్థం. స్ప్రింగులు వేయడం పాపం కాదు. చెప్పకుండా అమ్మడం వేరు. హైదరాబాదు బండ్లకు 2020 అక్టోబరు వరదల గుర్తు కూడా ఉంటుంది. చాలా బండ్లలో కంప్రెసర్ కింది భాగాన, చక్రం దగ్గరనో స్టెప్నీ పక్కననో ఉంటుంది. నీళ్లలో మునిగిన బండిలో ముందు తుప్పు పట్టే చోట్లలో అదొకటి.

ఆ సాయంత్రం తిరిగివచ్చి అమ్మకు అన్నీ చెప్పాం. తమ్ముడి మాట ఒకటి, నా మాట ఒకటి. డబ్బు ఆమెది, నేల ఆమెది. అంతా విని, "మీ నాయిన ఎడ్లు కొననీకి పోతే ఎట్ల చూసెటోడో యాదున్నదా?" అంది. నాకు లీలగా గుర్తు. దేవని జాతి ఎడ్లకు మా వైపు పేరు, బీదరు, ఉద్గీర్ వైపు నుంచి వచ్చేవి. నాందేడ్ జిల్లాలో మాలేగావ్ జాతర దాకా పోయి కొన్న రోజులూ ఉన్నాయి. నాయిన పళ్లు చూసేవాడు, సుడులు చూసేవాడు, నడిపించేవాడు. కానీ అమ్మ చెప్పింది వేరే. "అంగట్ల నిలవెట్టినప్పుడు అన్ని ఎడ్లు మంచిగనే ఉంటయ్. ఆయన మాట్లాడుకుంట కూసునేటోడు, అది పండేదాంక. పండి లేసేటప్పుడు చూసెటోడు. ముందటి కాళ్ల మీద బరువేసి ఎట్ల లేస్తదో చూస్తే దాని నడుము తెలుస్తది" అంది. ఆమె బండి గురించే చెబుతోందో, తన మోకాళ్ల గురించి చెబుతోందో తెలియలేదు. తమ్ముడు మాత్రం ఆ తర్వాత నల్ల బండి మాట ఎత్తలేదు.

మర్నాడు కూర్చొని లెక్క వేశాం. ముందు రెండు బుగ్గలు కంపెనీ సర్వీసు సెంటరులో మార్పిస్తే లెక్క లక్షల్లోకి పోతుంది. బయటి తయారీ భాగాలు అంతకంటే బాగా తక్కువకు దొరుకుతాయి. అయితే వాటిలో మంచివీ ఉన్నాయి, ఏడాది నిలవనివీ ఉన్నాయి. కంప్రెసర్ వేరే. వాల్వు బ్లాకు వేరే. పైగా నారాయణఖేడ్‌లో దీన్ని ముట్టుకోగలిగింది చాచా ఒక్కడే. ఆయనకు డెబ్బై దగ్గర పడుతున్నాయి. బండి సంగారెడ్డి అవతల కూర్చుండిపోతే ఫ్లాట్‌బెడ్ లారీ మీద హైదరాబాదు పోవాలి, నూరు కిలోమీటర్లకు పైనే. కొనే ధర ఒకటే బండి ధర కాదు. దాన్ని నిలబెట్టి ఉంచే ఖర్చు ఇంకో ధర. డెబ్బై లక్షల బండి ఇరవై లక్షలకు వస్తుంది గానీ దాని విడిభాగాలు ఇరవై లక్షల బండివి కావు, డెబ్బై లక్షల బండివే. ఈ ఒక్క వాక్యం తమ్ముడితో మూడుసార్లు కాగితం మీద రాయించాను. టీచరు బుద్ధి.

నెల తర్వాత రెండో బండి దొరికింది. అమ్మేది ఒక రిటైరైన ఇంజనీరు, తనే మొదటి యజమాని. రాత్రి ఉంచాలని భయపడుతూ అడిగాం. ఆయన నవ్వి, "మూడు రాత్రులు చూసుకోండి" అని, రెండేళ్ల కిందట ముందు బుగ్గలు మార్పించిన బిల్లు, కంప్రెసర్ రిలే మార్పించిన బిల్లు తెచ్చి ఇచ్చాడు. పొద్దున నాలుగు మూలలూ నాలుగు మిల్లీమీటర్లు దిగాయి, సమానంగా. వెనక బుగ్గలు మాత్రం మొదటివే. పగుళ్లు మొదలయ్యాయి, కారడం లేదు. ఆయనే ముందు చూపించాడు. ధర నల్ల బండి కంటే రెండు లక్షలు ఎక్కువ చెప్పాడు. బేరం ఆడితే యాభై వేలు తగ్గించాడు. తమ్ముడు ఇంకా తగ్గించమనబోతే చాచా వాడి చెయ్యి నొక్కాడు.

కొన్నాం. అమ్మ ఒక షరతు పెట్టింది. వెనక బుగ్గలకు, కంప్రెసర్‌కు ఎంతవుతుందో అంత డబ్బు తన ఖాతాలోనే ఉంటుంది, బండికి తప్ప దేనికీ తీయకూడదు. కాగితాలకు తిరగడం, పేరు మార్పించడం అయ్యాక బండి ఇంటికొచ్చింది. తమ్ముడు తలుపు తీసి మీట నొక్కాడు. బండి మెల్లగా దిగింది. అమ్మ ఒక చేత్తో తలుపు పట్టుకొని, ఇంకో చెయ్యి నా భుజం మీద వేసి ఎక్కింది. పట్టుకోకుండా ఎక్కుతుందన్నది వీడియోలో మాటే. అయినా ఎక్కింది. సీట్లో కుదురుకొని, "మళ్ల లేపు" అంది.